కిలోన్నర లోపే పడకా, పైకప్పూ

తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేసరికి వీపు నేలకు ఆనుకుని ఉంది. ముడి ఒక్కసారిగా వీడి ఉంటే రాత్రే లేచేవాణ్ణి. అది నింపాదిగా జారుతూ నన్ను వేలెడు వేలెడు కిందికి దించి, చివరి జానెడు మాత్రం టక్కున వదిలేసింది. టార్చి వేసి చూశాను. తలవైపు ముడి అలాగే ఉంది, కాళ్ళవైపు ముడి లేదు. తాడు తెగలేదు, కనీసం పీచు కూడా లేవలేదు. కొత్తదానిలా మెరుస్తూ చెట్టు పట్టీ నుంచి వేలాడుతోంది. రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాలను హామక్ అంటారు. నా చేత్తో నేను కుట్టుకున్న మొదటి హామక్‌లో నా మొదటి రాత్రి అది.

ఈ పని జోలికి ఎందుకు వెళ్ళానంటే, బరువు. అంతకుముందు నేను మోసిన టెంటు, కింద పరిచే మ్యాట్ కలిపి 2,600 గ్రాములు. చదునైన నేల వెతుక్కోవడం, రాళ్ళు ఏరడం, తెల్లారి నడుం పట్టేయడం అదనం. రెండు చెట్లుంటే చాలు కదా అని ఒక హామక్ కొన్నాను. పట్టీలు, కొక్కేలతో సహా అది 1,100 గ్రాములు తూగింది. వాన పడితే పైన కట్టే టార్ప్ లేదు, దోమతెర లేదు, ఉత్త ఉయ్యాలే అంత. ఏ ముక్కకాముక్క విడదీసి వంటింటి త్రాసు మీద పెట్టాను. గుడ్డ 440 గ్రాములే. మిగతాదంతా పట్టీలు, ఇనప కొక్కేలు. నన్ను మోసేది గుడ్డయితే, నేను మోస్తున్నది కొక్కేలను. అక్కడ పట్టుకుంది నాకీ పిచ్చి.

మా అమ్మకు కుట్టుపని బాగా వచ్చు. నాకు ఊడిన గుండీ కుట్టుకోవడం కూడా రాదు.

"జోలె కుడతావా? నీ బరువు మోసే జోలె?" అని నవ్వింది. "ముందు ఈ పాత దుప్పటి అంచు తిన్నగా మడిచి కుట్టరా, చూద్దాం."

పాత దుప్పట్ల మీద పదిహేను మీటర్లు కుట్టాక గానీ నన్ను నైలాన్ ముట్టుకోనివ్వలేదు. తీరా నైలాన్ మిషను మీద పెట్టాక ఆవిడకే చిరాకొచ్చింది. "ఇది గుడ్డ కాదురా, చేపపిల్ల" అంది. సన్న నైలాన్‌కు నిలకడ ఉండదు. కింద పొర ఒక దారి, పై పొర ఒక దారి పడతాయి. మీటరు కుట్టేసరికి రెండు కొసలకీ మధ్య వేలెడు తేడా వస్తుంది. నేను పిన్నులు గుచ్చబోతే ఆపాల్సి వచ్చింది, ఈ గుడ్డలో పిన్ను చేసిన రంధ్రం పూడదు. కాగితాలకు పెట్టే చిన్న క్లిప్పులు పెట్టుకున్నాను. అమ్మ నేర్పిన చిట్కా మాత్రం ఇప్పటికీ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది: ఎడమ చెయ్యి సూది వెనక, కుడి చెయ్యి సూది ముందు, రెండు చేతులతో గుడ్డను సమానంగా బిగపట్టాలి. లాగకూడదు, బిగపట్టాలి. నడిపించే పని మిషను పళ్ళకు వదిలేయాలి. లాగితే సూది వంగి కుట్టు తప్పిపోతుంది.

సూది 70 నంబరుది, మొన బాగా వాడిగా ఉండేది. దారం పాలియెస్టర్. నూలు దారం చెమ్మకు మగ్గిపోతుంది కాబట్టి బరువు మోసే కుట్టుకు పనికిరాదు. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టాను. మొదట్లో గట్టిగా ఉంటుందని బాగా దగ్గర కుట్లు వేశాను. అలా వేస్తే తపాలా బిళ్ళల మధ్య చిల్లుల వరసలా తయారై, లాగినప్పుడు ఆ గీత వెంటే చిరుగుతుంది. ఇక దారం టెన్షన్ సరిచేసుకునే లోపు నా టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. పైన చూస్తే బాగానే ఉంటుంది, తిప్పి చూస్తే అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంటుంది. ప్రతి కొత్త గుడ్డకీ ముందు ఒక పీలిక మీద కుట్టి చూసుకోవడం అలా అలవాటైంది.

మొదటి హామక్‌కు చదరపు మీటరు 37 గ్రాములుండే, చిరుగు పాకకుండా నేసిన రిప్‌స్టాప్ నైలాన్ ఎంచుకున్నాను. దొరికినవాటిలో అదే పల్చన, అందుకే. మూడున్నర మీటర్ల పొడవు, మీటరున్నర పన్నా. పొడవు అంచులు రెండుసార్లు మడిచి కుట్టేశాను. రెండు కొసల్లో తాడు దూరేలా నేఫా కుట్టాను. నిజానికి హామక్‌లో కుట్టుపని ఇంతే, నాలుగు తిన్నని గీతలు. కొసను కుచ్చిళ్ళుగా దగ్గరకు తీసి, నేఫాలో దూర్చిన తాడుతో బిగిస్తే ఉయ్యాల తయారు. కొసల్ని లెక్కగా, ఒకే వెడల్పు కుచ్చిళ్ళు పెట్టుకుంటూ రావాలి. గుప్పిట్లోకి ముద్దగా లాగేస్తే పడుకున్నప్పుడు ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు వస్తాయి.

ఇక ఆ జారిన ముడి సంగతి. కొక్కేల బరువు వదిలించుకోవాలని డైనీమా అనే సింథటిక్ తాడు వాడాను. 2.8 మిల్లీమీటర్ల మందం, మీటరు ఐదు గ్రాములు కూడా ఉండదు, దాదాపు 700 కిలోల దాకా తెగదు. నీళ్ళలో వేస్తే తేలుతుంది. ఇన్ని సుగుణాలున్నా దాని ఒళ్ళంతా మైనం పూసినట్టు జారుడు. మామూలు తాళ్ళకు నిలిచే ముడులు దీనికి నిలవవు. నిలిచినా ముడి పడ్డ చోట బలం సగానికి, అంతకంటే కిందికీ పడిపోతుంది. ఈ సంగతి నాకు నేల మీద పడుకుని ఉండగా తెలిసింది.

దానికి మందు స్ప్లైస్. ఈ తాడు పన్నెండు పాయలతో అల్లిన గొట్టం, లోపల బోలు. తాడు కొసను దాని కడుపులోకే దూర్చేస్తారు. పైనుంచి లాగినకొద్దీ గొట్టం సన్నబడి, లోపలున్న కొసను ఇంకా గట్టిగా పట్టేస్తుంది. బరువు పెరిగితే పట్టూ పెరుగుతుంది. ముడి నన్ను వదిలేసింది సరిగ్గా బరువు పడ్డప్పుడే.

మొదటి స్ప్లైస్‌కు గంటన్నర పట్టింది. ఒక దబ్బనం తీసుకుని, మొన పాయల్ని చీల్చకుండా ఆకురాయితో మొద్దుగా అరగదీశాను. తాడు కొసకు సన్నటి టేపు చుట్టి దబ్బనం కంట్లోకి ఎక్కించాను. తాడు కొసలో చేసే ఉచ్చును కూడా కన్నే అంటారు. ఆ కన్ను ఎంత పెద్దది కావాలో కొలిచి, అక్కడ తాడును వేళ్ళతో రెండు వైపుల నుంచి దగ్గరికి నొక్కాను. పాయలు విచ్చుకుని చిన్న నోరు తెరిచింది. ఆ నోట్లోంచి కొసను అడ్డంగా దాటించాలి, తర్వాత అవతలి తాడును ఈ కొసలోంచి దాటించాలి. ఒకదాంట్లోంచి ఒకటి దాటాక రెండూ మెలికపడి తాళం వేసినట్టు కూర్చుంటాయి. బరువు లేనప్పుడు కూడా అది ఊడిరాదు. నేను మొదటిసారి రెండో దాటింపు తప్పు వైపు నుంచి చేశాను, తాడు మెలితిరిగి జడలా వచ్చింది. విప్పి మళ్ళీ మొదలు.

తాళం పడ్డాక మిగిలిన కొసను కడుపులోకి పంపాలి. తాడు మందానికి 72 రెట్లు లోపల ఉండాలని లెక్క, అంటే నా తాడుకు 20 సెంటీమీటర్లు. కొసలో పాయల్ని ఒక్కొక్కటే వేర్వేరు చోట్ల కత్తిరించి, ఎలకతోకలా సన్నబరిచాను. అలా చెయ్యకపోతే కొస ముగిసే చోట తాడు ఒక్కసారిగా సన్నబడి, బరువంతా ఆ మెట్టు మీద పడుతుంది. చివర, కన్ను దగ్గర పట్టుకుని పాలు పితికినట్టు కిందికి నిమురుతూ పోతే, బయట వేలాడుతున్న తోక చటుక్కున లోపలికి మాయమవుతుంది. ఆ క్షణం కోసం నేను తర్వాత అవసరం లేని స్ప్లైస్‌లు కూడా బోలెడు చేశాను. ఇంట్లో తాళంచెవుల గుత్తికి కూడా ఒకటుంది.

హామక్‌ను చెట్టు పట్టీకి కట్టడానికి ఇదే సూత్రం మీద వూపీ స్లింగ్ అని ఒకటుంది. ఒక కొసలో కదలని కన్ను, రెండో కొస తాడు కడుపులోంచి దూరి బయటికొచ్చే పెద్ద ఉచ్చు. ఉచ్చును చిన్నదీ పెద్దదీ చేసుకోవచ్చు, మనిషి కూర్చోగానే బిగుసుకుంటుంది. తోక కొస లోపలికి జారిపోకుండా అక్కడా ఒక చిన్న కన్ను చేశాను. రెండు స్లింగులూ కలిపి 25 గ్రాములు. చెట్టుకు చుట్టేది మాత్రం సన్న తాడు కాకూడదు, బెరడు కోసుకుపోతుంది. అంగుళం వెడల్పు పట్టీ కావాలి, అదీ పాలియెస్టర్‌ది. నైలాన్ పట్టీ బరువుకు సాగి, రాత్రంతా మనల్ని కిందికి దించుతూనే ఉంటుంది. రెండు పట్టీలూ 80 గ్రాములు. ఇక్కడ ఇంకా సన్నవి వాడి 20 గ్రాములు మిగిల్చేవాళ్ళున్నారు. నేను ఆ జోలికి పోలేదు.

పడిపోవడానికి ముడి ఒక్కటే కారణం కాదని తర్వాత లెక్క వేస్తే తేలింది. మంచంలా చదునుగా ఉండాలని నేను హామక్‌ను బిర్రుగా లాగి కట్టాను. తాడు నేలకు సమాంతరంగా ఉన్నకొద్దీ దాని మీద లాగుడు ఎలా పెరుగుతుందో చూడండి. నా బరువు 75 కిలోలు. తాడు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు లాగుడు సరిగ్గా 75 కిలోలు. 10 డిగ్రీలైతే 216. 5 డిగ్రీలైతే 430. ఆ రాత్రి నేను కట్టింది పదికి అటూఇటూ అయ్యుంటుంది. అంటే ఆ ముడి ముగ్గురు మనుషుల్ని మోసింది పాపం, తెల్లారుజాము దాకా.

పైగా బిర్రుగా కడితే పడక చదునుగా ఉండదు, వదులుగా కడితేనే చదునవుతుంది. వదులుగా కట్టిన గుడ్డలో మూలకు ఏటవాలుగా, తల ఒక పక్కకి, కాళ్ళు రెండో పక్కకి పెట్టి పడుకుంటే వీపు దాదాపు తిన్నగా వస్తుంది. ఎన్నిసార్లు కట్టినా అదే వదులు ఉండాలంటే రెండు కొసల మధ్య పైన ఒక సన్న తాడు శాశ్వతంగా కట్టేయాలి. దాన్ని రిడ్జ్‌లైన్ అంటారు. దాని పొడవు హామక్ పొడవులో 83 శాతం. నేఫాలు మడిచి కుట్టాక నాది 335 సెంటీమీటర్లు కాబట్టి 278. చెట్లు దగ్గరున్నా దూరమున్నా గుడ్డ ఒకే లోతులో వేలాడుతుంది. తాడు వాలు కొలవడానికి నా కొలబద్ద నా చెయ్యే. చూపుడువేలు అడ్డంగా, బొటనవేలు నిలువుగా పెడితే ఆ రెండు కొసల్నీ కలిపే గీత సుమారు 30 డిగ్రీలు.

తాళ్ళు బాగుపడ్డాక గుడ్డ మొరాయించింది. 37 గ్రాముల నైలాన్ నా బరువుకు సాగుతుంది. రాత్రి మోకాలి ఎత్తులో పడుకుంటే పొద్దుటికి వీపు గడ్డిని తాకుతోంది. పిక్కల కింద గుడ్డ గట్టిగా కట్టలా లేచి నొప్పి. మూడో రాత్రి జీన్స్ వెనక జేబు రాగి రివెట్టు తగిలి రెండు సెంటీమీటర్లు చిరిగింది. రిప్‌స్టాప్‌లో గళ్ళుగళ్ళుగా మందం పోగు వేస్తారు కదా, చిరుగు సరిగ్గా ఆ గడి గీత దగ్గరే ఆగిపోయింది. గుడ్డ తన పని తాను చేసింది. కానీ ఆ చిరుగు మీద పడుకోవడానికి నాకే మనసొప్పలేదు. రెండో హామక్ 54 గ్రాముల గుడ్డతో కుట్టాను, మొత్తం 270 గ్రాములు అయింది. మొదటిదానికంటే 85 గ్రాములు ఎక్కువ. నేను ఆదా చేద్దామని బయలుదేరిన చోట పెంచాల్సి వచ్చింది, పెంచినందుకు నిద్ర పట్టింది.

పట్టిందంటే, చలికాలం వచ్చేదాకా. 12 డిగ్రీల చలి పెద్ద చలేమీ కాదు. మంచి స్లీపింగ్ బ్యాగులోనే పడుకున్నాను. రెండింటికల్లా వీపు, పిరుదులు మంచుగడ్డ మీద పెట్టినట్టయ్యాయి. పైన ముచ్చెమటలు, కింద వణుకు. స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనం ఇచ్చేది దాని పీచులో చిక్కుకున్న గాలి. మన బరువు కింద నలిగిన భాగంలో ఆ గాలి ఉండదు. నేల మీదైతే మ్యాట్ కాపాడుతుంది. హామక్‌లో కింద కూడా గాలి ఆడుతూ ఉన్న కాస్త వేడినీ ఎత్తుకుపోతుంది. మ్యాట్ పరిచి చూశాను, అర్ధరాత్రికి అది నా భుజం మీదకి ఎక్కింది.

అందుకని బొంతను లోపల కాక బయట, హామక్ కింద వేలాడదీయాలి. దీన్ని అండర్‌క్విల్ట్ అంటారు. బాతు ఈకలతో చేస్తే తేలికే, కానీ అరలు అరలుగా కుట్టి, ఒక్కో అరలో ఈకలు తూచి నింపాలి. ఇల్లంతా ఈకలు ఎగురుతుంటే అమ్మ నన్నూ వేలాడదీస్తుంది. ఈకల బదులు క్లైమాషీల్డ్ అపెక్స్ అనే పీచు పొర తెచ్చాను. చదరపు మీటరు 122 గ్రాములది. అది తెగని పొడవాటి పోగులతో చేసింది కాబట్టి మధ్యలో కుట్లు అక్కర్లేదు, అంచుల్లో కుడితే చాలు. మధ్యలో కుట్టకపోవడమే మంచిది, కుట్టు పడ్డ ప్రతిచోటా పొర నలిగి చలి దూరుతుంది. రెండు మీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పు. పై గుడ్డలకు నా చిరిగిన మొదటి హామక్‌ను కత్తిరించి, తక్కువపడినదానికి కొత్త ముక్క వేశాను. రెండు గుడ్డల్నీ మంచివైపులు లోపలికి పెట్టి, పైన అపెక్స్ పరిచి, మూడు వైపులా కుట్టి, దిండు గలీబులా తిరగేశాను. కొసల్లో సాగే తాడు. మొత్తం 485 గ్రాములు.

కుట్టడం ఒక సాయంత్రం. అమర్చుకోవడానికి నాలుగు రాత్రులు. సాగే తాడు బిగిస్తే బొంత హామక్‌కు అదుముకుని నలిగిపోతుంది, మళ్ళీ కథ మొదటికి. వదిలేస్తే వీపుకీ బొంతకీ మధ్య గాలి గది ఏర్పడి, అందులో చలి కాపురం పెడుతుంది. లోపల పడుకుని, ఒక చెయ్యి కిందికి పోనిచ్చి, నడుం దగ్గర వేళ్ళు బొంతకూ హామక్‌కూ మధ్య దూరుతున్నాయేమో తడిమి చూడాలి. అరచెయ్యి సులువుగా ఆడితే ఇంకొంచెం బిగించాలి. నా విషయంలో గాలి దూరింది భుజాల దగ్గర ఉన్న కొసలోంచి. అక్కడ అంచును సాగే తాడుతో చిన్న సంచి మూతిలా ముడిచాక 8 డిగ్రీల రాత్రి కూడా వీపు వెచ్చగా ఉంది.

దోమతెర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సన్న జాలీతో పొడవాటి గొట్టంలా కుట్టి, అడుగున చీలిక వదిలి, చీలిక అంచుకు లాగే తాడు పెట్టాను. 150 గ్రాములు. జిప్పు పెట్టలేదు, నాకు జిప్పు కుట్టడం రాదు.

టార్ప్ మాత్రం నన్ను ఏడిపించింది. సిలికాన్ పూసిన పాలియెస్టర్ గుడ్డ తీసుకున్నాను, ఎందుకంటే నైలాన్ తడిస్తే సాగి, అర్ధరాత్రి వానలో లేచి తాళ్ళు మళ్ళీ బిగించాల్సి వస్తుంది. ఒక గుడ్డ పన్నా చాలదు కాబట్టి రెండు ముక్కలు మధ్యలో కలపాలి. అంచులు తిన్నగా కత్తిరిస్తే గాలికి పటపటా కొట్టుకుంటాయి, కాస్త లోపలికి వంపు ఇవ్వాలి. ఆ వంపు గీయడానికి ఒక సన్న గొలుసును గోడ మీద రెండు మేకుల మధ్య వదులుగా వేలాడదీసి, దాని వెంబడి కాగితం మీద పెన్సిల్‌తో గీశాను. గొలుసు తన బరువుకు తానే గీసే గీత అది, స్కేలూ లెక్కలూ అక్కర్లేదు.

మధ్య కుట్టు అసలు పరీక్ష. రెండు అంచుల్ని ఒకదాని మీదకి ఒకటి మడిచి, నాలుగు పొరల మీద రెండు వరసలు, మూడు మీటర్ల పైగా ఆపకుండా. సిలికాన్ గుడ్డ ముందు నైలాన్ ఎంతో నయం. సగం దూరం పోయాక పై మడత జారి, ఎనిమిది సెంటీమీటర్ల మేర రెండో వరస మడత అంచును దాటిపోయింది. నేను చూశాను. విప్పితే పాత సూది రంధ్రాలన్నీ మిగులుతాయని నాకు నేనే నచ్చజెప్పుకుని ముందుకు పోయాను. తర్వాత సిలికాన్‌ను మినరల్ స్పిరిట్‌లో పల్చగా కలిపి బ్రష్షుతో కుట్టంతా పూశాను. ఆ గుడ్డకు సిలికాన్ తప్ప ఇంకేదీ అంటుకోదు. మూలలకు రెండు పొరల గుడ్డ వేసి తాడు ఉంగరాలు కుట్టాను. 350 గ్రాములు.

మొత్తం తూచితే, టార్ప్ తాళ్ళు కట్టడానికి నేలలో దిగేసే పెగ్గులు కాక, 1,370 గ్రాములు.

మొదటి పెద్ద వాన రాత్రి పదకొండింటికి మొదలైంది. తాళ్ళ వెంట నీళ్ళు హామక్‌లోకి జారకుండా స్లింగుల మీద చెరో నూలు దారం ముక్క కట్టాను. తాడు వెంట పాకుతూ వచ్చిన నీళ్ళు ఆ దారం కొసకు దిగి బొట్లుబొట్లుగా కింద పడుతుంటే చూస్తూ పడుకున్నాను. చాలా గర్వంగా ఉంది. ఇంతలో ముక్కు మీద ఒక చల్లటి చుక్క. కాసేపటికి ఇంకోటి. టార్చి వేయకుండానే ఎక్కడినుంచో తెలిసిపోయింది. తల అటు తిప్పుకుని పడుకున్నాను.

ఇంటికొచ్చి టార్ప్‌ను ఆరబెడితే అమ్మ చూడ్డానికి వచ్చింది. కళ్ళజోడు లేకుండానే మధ్య కుట్టు మీద బొటనవేలు ఆనించి, ఒక కొస నుంచి నడుచుకుంటూ వచ్చింది. సగం దూరంలో వేలు ఆగింది.

"ఇక్కడ కారింది కదూ?"

"అవునమ్మా."

"కుట్టేటప్పుడే చూశావా?"

నేను మాట్లాడలేదు. ఆవిడ అక్కడ ఒక క్లిప్పు పెట్టి, సిలికాన్ డబ్బా ఎక్కడ పెట్టావని అడిగింది.